సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఆండర్సన్‌పేట వీధుల్లో ఇప్పుడు నిలబడి ఉన్న కార్లలో చాలావాటికి మనం రెండో ఓనర్లమో మూడో ఓనర్లమో. బెంగళూరు నుంచి కేఏ-03, కేఏ-53 నంబర్లతో కొన్ని వస్తాయి. కుప్పం, పలమనేరు వైపు నుంచి ఏపీ నంబర్లతో కొన్ని, వేలూరు, చెన్నై నుంచి టీఎన్ నంబర్లతో కొన్ని. మూడు రాష్ట్రాల సరిహద్దు పక్కనే ఉన్నాం కాబట్టి ఎంచుకోవడానికి మనకు బండ్లకు కొదవ లేదు. ఆ బండి అంతకుముందు ఎక్కడ తిరిగింది, ఏం అనుభవించింది అని అడిగితే చెప్పేవాళ్లే తక్కువ.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పటి నుంచి ఇక్కడి ఎన్నో సంసారాలు బెంగళూరు రైలును నమ్ముకుని నడుస్తున్నాయి. పనికి పోవడానికి రైలు చాలు. కారు అవసరం వచ్చేది వేరే సమయాల్లో: అర్ధరాత్రి పెద్దవాళ్లకు ఆయాసం వస్తే కోలారు ఆసుపత్రికో వేలూరు సీఎంసీకో తీసుకెళ్లడానికి, కుప్పం వైపు బంధువుల పెళ్లికి, ఏడాదికోసారి తిరుపతికి. వారంలో ఐదు రోజులు ఇంటిముందే ఉండే బండి, కావలసిన రోజున మాత్రం మొరాయించకూడదు. దానికోసం కూడబెట్టిన డబ్బంతా పెడతాం. పాత చిన్న కారులో ఇంజిన్ విప్పాల్సి వస్తే ఆ ఖర్చు కారు విలువతోనే పోటీ పడుతుంది. పెయింటు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఎలా ఉన్నాయో ఎవరైనా చూడగలరు. కాబట్టి ఇక్కడ ఇంజిన్ గురించే ఎక్కువ చెబుతాం.

ముందుగా నీళ్ల సంగతి. 2022 సెప్టెంబరు మొదట్లో బెంగళూరులో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు, యమలూరు ప్రాంతాలు మునిగినప్పుడు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కార్లు పైకప్పు దాకా నీళ్లలో ఉన్న దృశ్యాలు అందరూ చూశారు. చెన్నైలో 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోనూ అదే జరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన కార్లన్నీ తుక్కు కిందకు పోలేదు. భారీగా దెబ్బతిన్న బండిని ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద లెక్కకట్టి ఓనర్‌కు డబ్బిస్తుంది, బండి వేలంలో పోతుంది. కొన్నవాళ్లు విప్పి, ఆరబెట్టి, పాలిష్ చేసి అమ్ముతారు. ఆ బండి గురించి ఎవరికీ తెలియని ఊళ్లో అమ్మడం వాళ్లకు సులువు. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊరు అలాంటిదే.

నీళ్లలో ఊరికే నిలబడి మునిగిన బండికీ, నడుస్తూ నీళ్లు తాగిన బండికీ తేడా ఉంది. మొదటిదానిలో వైరింగు, సెన్సర్లు, కంప్యూటర్ బాక్సు మెల్లగా తుప్పు పట్టి, ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటీ పోవడం మొదలుపెడతాయి. రెండోదానిలో గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అవుతుంది, కొన్నాళ్లు నడుస్తుంది కూడా. ఏదో ఒకరోజు హైవే మీద రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకునే పగలగొడుతుంది. అంతటితో ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే.

మునిగిన బండిని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. బయట కనిపించే భాగాన్ని ఉతుకుతారు గానీ లోపల చుట్టుకుని ఉన్న చివరి మూరను చాలామంది మరిచిపోతారు, అక్కడ బురద గీత ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చేయి పెట్టండి. మ్యాట్ల కింద కార్పెట్‌ను ఎత్తి వాసన చూడండి. సీట్ల కింది బోల్టులు, స్టీరింగ్ కింద కాళ్ల దగ్గరుండే ఇనుప బిగింపులు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడాలి. బండి లోపల ఘాటైన సెంటు కొట్టి ఉంటే మాత్రం అనుమానించండి.

ఇంకో ఆధారం కాగితంలోనే ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం రాసి ఉంటుంది. ఏ క్లెయిమూ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. ఆరేళ్లుగా ఒకే ఓనర్ చేతిలో ఉన్న కారు పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే, ఈమధ్యే ఏదో క్లెయిమ్ జరిగిందన్నమాట, లేదా మధ్యలో పాలసీ తెగిపోయి ఉండాలి. ఏమైందని నేరుగా అడగండి. ఈ బోనస్ బండిది కాదు, ఓనర్‌ది. కాబట్టి అమ్మే మనిషి కిందటి ఏడాదే కొని ఉంటే అక్కడ సున్నా ఉండడంలో తప్పు లేదు. అయితే ఏడాదికే ఎందుకు అమ్మేస్తున్నాడన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు ఇంజిన్. బండి చూడడానికి ఉదయమే వస్తామని, అప్పటిదాకా స్టార్ట్ చేయవద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ‘ఇందాకే కొంచెం కదిలించాం సార్’ అంటారు. నిజమే కావచ్చు. అయినా ఆ రోజుకు తిరిగి వచ్చేయండి, మర్నాడు వెళ్లండి. ఇంజిన్‌లో చాలా రోగాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, వేడెక్కితే మరుగున పడతాయి.

స్టార్ట్ చేయకముందే డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడండి. నల్లగా ఉందని భయపడనక్కర్లేదు, డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. టీ రంగులో, పాలు కలిపినట్టు ఉంటే మాత్రం ఆయిల్‌లోకి నీళ్లు వస్తున్నాయి, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఆయిల్ పోసే మూత అడుగున మీగడలా కొద్దిగా తెల్లటి జిడ్డు ఉంటే వెంటనే తీర్పు చెప్పవద్దు. డిసెంబరు, జనవరి చలిలో ఇంటికీ బజారుకూ మధ్యే తిరిగే బండ్లలో తేమ అలా మూతకు పడుతుంది. మూత మీదా డిప్ స్టిక్ మీదా రెండు చోట్లా అదే కనిపిస్తే ఆ బేరం వదిలేయండి. ఆయిల్ మరీ కొత్తగా, తేనెలా మెరుస్తుంటే ఎప్పుడు మార్చారో అడగండి. శబ్దం వచ్చే ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోసి రెండు రోజులు శబ్దాన్ని అణచడం పాత ఉపాయమే.

రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే మరుగుతున్న నీళ్లు మొహాన చిమ్ముతాయి, ఆ పని ఎప్పుడూ చేయవద్దు. కొత్త మోడళ్లలో రేడియేటర్ మీద మూత ఉండదు, పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలోనే చూడాలి. లోపల ఆకుపచ్చగానో, ఎర్రగానో, నీలంగానో శుభ్రమైన కూలెంట్ ఉండాలి. మన కోలారు జిల్లాలో ఇక్కడే తిరకాసు. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా ఇది, వందల అడుగుల లోతు బోర్ల నుంచి వచ్చే నీళ్లు గట్టివి. ఇంట్లో బిందె అడుగున తెల్లగా పట్టే చార మనకు తెలిసిందే. కూలెంట్ కొనే బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండిలో అదే చార రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఇంజిన్ బ్లాకు లోపల పేరుకుంటుంది. అలాంటి బండి ఊళ్లో బాగానే తిరుగుతుంది. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దగ్గరో, తిరుమల కొండ ఎక్కేటప్పుడో మనుషులు, సామాన్లతో నిండుగా ఉన్నప్పుడు వేడెక్కి ఆగిపోతుంది. మూత అడుగున సున్నం లాంటి పొర, తుప్పు రంగు నీళ్లు కనబడితే రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ ఖర్చు లెక్కలో వేసుకోండి. నీళ్ల మీద నూనె తెట్టు తేలుతుంటే ఇక బేరమే వద్దు.

మనకు ప్రత్యేకమైన ఇంకో సంగతి దుమ్ము. గాలి వీచే నెలల్లో సైనైడ్ దిబ్బల మీది పొడి ఇళ్లలోకి ఎలా వస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అది బంగారం తీయడానికి రాయిని పిండిగా కొట్టాక మిగిలిన ఇసుక. చాలా మెత్తగా ఉన్నా గట్టి రాతి పొడే. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని డబ్బా క్లిప్పు సరిగా పడకపోయినా ఆ పొడి నేరుగా సిలిండర్‌లోకి పోయి గోడల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. రింగులు అరుగుతాయి, బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఊళ్లోనే తిరిగిన కారు కొంటుంటే ఫిల్టర్ డబ్బా విప్పించండి. ఫిల్టర్ మురికిగా ఉండడం మామూలే, అది దాని పని. ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. అక్కడ దుమ్ము తగిలితే ఫిల్టర్‌ను తప్పించుకుని గాలి వెళ్తోందన్నమాట.

ఇక స్టార్ట్ చేయించండి. మీరు సీటులో కూర్చోవద్దు, సైలెన్సర్ వెనక నిలబడండి. మన మెకానిక్ షెడ్లలో తమిళంలో పుగ అన్నా, కన్నడంలో హొగె అన్నా, మనం పొగ అన్నా చూడాల్సింది దాని రంగు. చలి ఉదయాన మొదటి నిమిషంలో తెల్లటి ఆవిరి రావడం సహజం, సైలెన్సర్ వేడెక్కగానే పోతుంది. పది నిమిషాలైనా దట్టమైన తెల్లపొగ పోకుండా, కాస్త తియ్యటి వాసన వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లో మండుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. స్టార్ట్ చేసిన క్షణంలో ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండవచ్చు, అది ఓ మాదిరి ఖర్చుతో పోతుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు దాకా వెళ్లాలి. నల్లపొగ పెట్రోలు బండిలో ఇంధనం ఎక్కువ పోతోందనీ, డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో చూడాలనీ చెబుతుంది.

స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలో శబ్దం వినండి. గొలుసు గలగలలాడినట్టు వచ్చి ఆగితే టైమింగ్ చైన్ సాగి ఉండవచ్చు. స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బండ్లలో ఉండే 1.3 లీటర్ ఇంజిన్ చైన్ రకం. పాత ఆల్టో 800, శాంత్రో లాంటివాటిలో చైన్ కాదు, బెల్టు. బెల్టు శబ్దం చేయకుండానే తెగుతుంది, తెగితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. అడుగు నుంచి, లోతుగా, యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే టక్ టక్ శబ్దం బేరింగులది కావచ్చు. అది విన్నాక తక్కువ ధర చెప్పినా ఆశపడకండి.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను తిప్పి, తీసి, అదే రంధ్రం మీద బోర్లించి వదిలేయండి. కొద్దిగా వణికితే పరవాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ, రంధ్రంలోంచి పొగ ఉఫ్ ఉఫ్‌మని కొడుతుంటే దాన్నే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు గ్యాసును ఆపలేక కిందికి వదిలేస్తున్నాయి. డీజిల్ బండ్లలో ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. పెట్రోలు బండికైతే ప్లగ్గులు విప్పి గేజితో కంప్రెషన్ చూడమనండి. అంకె ఎంత అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి మాత్రం బాగా తక్కువగా ఉంటే కారణం వెతకాలి.

తాళం తిప్పగానే, స్టార్ట్ కాకముందు, డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పని చేయకుండా చేశారు. మెకానిక్ దగ్గర స్కానర్ ఉంటే పెట్టించండి. ఎర్రర్ కోడ్‌లు లేవన్న మాటతో ఆగకండి, ఈమధ్య కోడ్‌లు చెరిపేశారా అని కూడా చూడమనండి. చెరిపితే బండి తన లోపలి పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్‌లో చూపిస్తుంది.

నడిపి చూడడానికి బజారు చుట్టూ ఒక రౌండు సరిపోదు. కనీసం అరగంట, బేత్‌మంగళ వైపో బంగారుపేట వైపో, ఇంట్లో ముగ్గురిని ఎక్కించుకుని, ఏసీ వేసి నడపండి. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోందా, మిస్సింగ్ ఉందా గమనించండి. ఇంజిన్ వేడి ముల్లు మధ్యకు వచ్చి అక్కడే నిలబడాలి. ముల్లు లేని మోడళ్లలో నీలం లైటు ఆరాక ఎర్ర లైటు వెలగకూడదు. తిరిగి వచ్చాక ఇంజిన్ ఆపకుండా ఐదు నిమిషాలు ఉంచండి. ఫ్యాను దానంతటదే తిరగాలి, ఆగాలి. కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే మళ్లీ హెడ్ గ్యాస్కెట్ మీదే అనుమానం. ఆ తర్వాత బండిని పక్కకు జరిపి నేల మీద చుక్కలు పడ్డాయేమో చూడండి.

మెకానిక్ విషయంలో ఒక మాట. అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ వద్దు, మీకు తెలిసినవాడిని తీసుకెళ్లండి. ‘అన్నా, ఒక్కసారి వచ్చి చూడు’ అని మొహమాటంతో ఊరికే పిలవడం కన్నా సగం రోజు కూలి ముందే ఇవ్వండి. బేరం కుదిరితే కమిషన్ వస్తుందన్న ఆశ ఉన్న మనిషి బండిలో లోపం చెప్పడు. కూలి తీసుకున్నవాడు ‘వద్దు’ అనడానికి వెనకాడడు.

కిలోమీటర్ల అంకెను నమ్మి ధర కట్టకండి. డిజిటల్ మీటరు వచ్చినంత మాత్రాన వెనక్కు తిప్పడం ఆగలేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి, ఓనర్ ఎదురుగానే పాత సర్వీసు రికార్డులు చూపించమనండి. 40,000 చూపించే బండికి క్లచ్ పెడల్ రబ్బరు బోసిపోయి, స్టీరింగ్ నున్నగా అరిగి ఉంటే ఆ రెండిట్లో ఏది నిజమో మీరే తేల్చుకోండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. బెంగళూరు బండ్లకు ఇంకో లెక్క ఉంది. సిల్క్ బోర్డు, మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇంజిన్ తిరిగినా కిలోమీటర్లు పెరగవు. తక్కువ తిరిగిన బెంగళూరు కారుకూ క్లచ్ చూడాల్సిందే. పసుపు బోర్డు టాక్సీగా తిరిగి తెల్లబోర్డుకు మారిన బండి అవునా అన్నది ఆర్.సి. చరిత్రలో తెలుస్తుంది.

పెట్రోలా, డీజిలా అంటే, మనలాగా ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు పెట్రోలే మేలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి హైవే మీద కొంతసేపు వేగంగా నడవాలి. రాబర్ట్‌సన్‌పేటకు వెళ్లి రావడంతో సరిపెడితే అది మూసుకుపోతుంది. మారుతి అదే 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది, కాబట్టి ఆ కంపెనీ డీజిల్ బండి ఏది వచ్చినా అంతకుముందుదే. పెట్రోలు బండి విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు దానికోసం రూపొందినవి కావు, పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత బండిలో పెట్రోలు గొట్టాలు పగుళ్లిచ్చాయేమో, వాసన వస్తోందేమో చూడండి. కొన్నాక వారానికి రెండుసార్లయినా బయటికి తీయండి.

ఇంజిన్ నచ్చాక కాగితాలు. ఆర్.సి.లో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంజిన్ మార్చి కాగితం మార్చని బండ్లు దొరుకుతుంటాయి. బ్యాంకు అప్పు తీరితే ఫారం 35తో పాటు బ్యాంకు ఇచ్చే పత్రం కావాలి. ట్రాఫిక్ జరిమానాలు బండి నంబరు కొట్టి చూసి, కట్టించాకే మిగతా డబ్బివ్వండి.

కర్ణాటక నంబరైతే కేఏ-03 అయినా కేఏ-53 అయినా మన కేఏ-08 ఆఫీసుకు మారినంత మాత్రాన నంబరు మారదు. ఏపీ, తమిళనాడు బండి చవకగా కనబడుతుంది గానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. కారు వయసును బట్టి ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి, ధరలో కలిపి చూడండి. కుప్పంలో చవక అనుకున్న బండి ఇంటికొచ్చేసరికి బెంగళూరు బండి కన్నా ఎక్కువ పడవచ్చు.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచేయడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓలో తమ పేరు ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ తమ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. అమ్మేవాళ్లయితే ఫారం 29 కాపీ మీద ఆర్టీఓ ముద్ర వేయించుకుని దాచుకోండి. పేరు మారేదాకా ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మీ ఇంటికే.